ఇద్దరం కలిసే చెబుతాం

పలాస నుంచి వచ్చే పాసింజరు ఆమదాలవలస స్టేషన్లో పూర్తిగా ఆగకముందే బెన్హర్ తన పచ్చగళ్ళ తువ్వాలును కిటికీలోంచి లోపలికి విసిరేవాడు. అది పడిన చోటు ఇద్దరిదీ. జనాన్ని తోసుకొని అతను ముందెక్కేవాడు. తోయడం చేతకాని దీక్షిత్, దిగేవాళ్ళందరూ దిగి, ఎక్కేవాళ్ళందరూ ఎక్కాక, ఆఖరున ఎక్కేవాడు. లోపలికి వెళ్ళేసరికి బెన్హర్ పక్కన తువ్వాలు పరిచి ఉండేది.

"రారా దీక్షితులూ, నీ సింహాసనం ఖాళీగానే ఉన్నాది," అనేవాడు బెన్హర్, తువ్వాలు తీసి దులిపి మెడలో వేసుకుంటూ. "ఒక ముసలాయన ఎవురిదిరా ఈ తువ్వాలని అడిగినాడు. గుళ్ళో అయ్యోరిదని సెప్పీసినాను. దండం పెట్టి జరిగిపోనాడు."

దీక్షిత్ సిగ్గుపడి నవ్వేవాడు. కూర్చునేవాడు. దూసి దాటేది, పొందూరు దాటేది, మాట సాగేది.

ఎచ్చెర్లలో ఒకే తరగతిలో చదివిన వాళ్ళిద్దరూ విజయనగరంలో ఒకే ఆఫీసులో, ఎదురెదురు బల్లల దగ్గర పనిచేస్తున్నారు. బట్టల దుకాణం పైనున్న రెండు గదుల ఆఫీసు అది. రైసుమిల్లులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ధాన్యం లారీ కాటా ఎక్కినది మొదలు బియ్యం బస్తా గేటు దాటేదాకా ప్రతి తూకమూ వీళ్ళు రాసిన కోడ్ మీదుగానే నడవాలి. అందులో చిన్న తప్పు దొర్లినా మిల్లు ముందు లారీలు బారులు తీరతాయి. అందుకని ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. ఒకరు రాసింది మరొకరు చూడాలి. చూడనిదేదీ మిల్లు కంప్యూటర్లలోకి ఎక్కించకూడదు. "సూసినాను, ఎక్కించీరా" అని బెన్హర్ అనేదాకా దీక్షిత్ వేలు కదలదు. దీక్షిత్ తల ఊపేదాకా బెన్హర్ వేలూ కదలదు.

ఆ ఆఫీసు ఇప్పుడు విశాఖపట్నం వెళ్ళిపోతోంది.

"భోగాపురంలో విమానాలు దిగుతుంటే మనమింకా చీరల కొట్టు మీద కూచుంటే ఎలా?" అన్నారు యజమాని దత్తాత్రేయగారు, అందరినీ నిలబెట్టి. "సోమవారం ఒక్కొక్కరితోనూ మాట్లాడతాను. ఎవరికేం కావాలో చెప్పండి, వింటాను."

మిగిలినవాళ్ళు కుర్రవాళ్ళు. సముద్రం పక్క ఊరంటే సంబరపడ్డారు. బెన్హర్ మాత్రం ఆ మధ్యాహ్నం క్యారేజీ మూత తెరిచి, మళ్ళీ మూసేశాడు. అతని భార్య గ్లోరీ శ్రీకాకుళం ఆస్పత్రిలో నర్సు. ఆమెకు రాత్రి డ్యూటీ పడిన వారాల్లో పిల్లను నిద్రపుచ్చేది అతనే. ఇంకా నడక రాని పిల్ల. తండ్రి పాట వినపడనిదే కన్ను మూయదు. అతను విశాఖపట్నం వెళితే గ్లోరీ ఉద్యోగం మానాలి, లేదా ఆ పిల్ల తండ్రి గొంతు ఫోనులో వినాలి. అతను కోరుకున్నది ఒక్కటే: ఇంటి దగ్గర నుంచి పనిచేయనిస్తే చాలు. పిలిచినప్పుడల్లా రైలెక్కి వెళ్ళివస్తాడు.

దీక్షిత్ కూడా అదే కోరుకున్నాడు. అతనికి పిల్ల లేదు, పెళ్ళి లేదు, చెప్పుకోదగ్గ కారణమే లేదు. కొత్త ఊళ్ళో కొత్త గదులు, కొత్త ముఖాలు, ప్రతి ముఖంతోనూ మళ్ళీ మొదటి నుంచి మాట్లాడవలసి రావడం, అదే అతని భయం. ఆ భయానికి ఇల్లంటే ఇష్టమని పేరు పెట్టుకున్నాడు.

ఏ పద్ధతిలో అడగాలన్నది శుక్రవారం రైల్లో తేలింది. దీక్షిత్ ఫోనులో బేరసారాల విద్య గురించి దొరికినదల్లా చదివి వచ్చాడు.

"తొలి మాట మనమే అనాలట. బేరం అక్కణ్ణుంచే మొదలవుతుందట."

"బాగున్నాది."

"ఇంకొకాయన, తొలి మాట ఎదుటివాడి చేత అనిపించాలంటున్నాడు."

"అదీ బాగున్నాది. మూడో ఆయనేటంటన్నాడు?"

"అడగవలసింది అడిగేసి మౌనంగా ఉండాలంటున్నాడు."

"సగం నీకొచ్చీసింది కదరా! ఆ అడగడం ఒక్కటే నేర్చుకోవాల." బెన్హర్ పకపకా నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, తువ్వాలు కొసను వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. "సూడు. ఇయన్నీ ఒక్కడి కోసం రాసినవి. మనం ఇద్దరం. నువ్వొక్కడివీ ఎల్తే నీకొకటి సెప్తాడు, నానొక్కణ్ణీ ఎల్తే నాకింకొకటి సెప్తాడు. ఇద్దరం ఒక బెంచీ మీద కూచుంటే ఏటి సెప్తాడు? కాటాల లోపల ఏటున్నాదో మనిద్దరికి తప్ప ఎవుడికి తెలుసు? ఇద్దర్నీ ఒదులుకోలేడు. ఒకణ్ణి ఒదులుకోగలడు."

"అయితే?"

"అయితే ఏటీ లేదు. ఒక్కణ్ణి పిలిస్తే ఒక్కటే మాట. 'ఇద్దరం కలిసే చెబుతాం సార్.' అను."

"ఇద్దరం కలిసే చెబుతాం సార్."

"ఎదురు సీటు మామ్మకి ఇనబడనేదు."

దీక్షిత్ మరికాస్త గట్టిగా అన్నాడు. ఎదురు సీటులో కూరల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మ చెవి ముందుకు వంచింది. "ఏటి బాబూ? ఏటి సెప్తారు?"

పెట్టె అంతా నవ్వింది. దీక్షిత్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆ వాక్యం అతనికి నచ్చింది. అందులో అతని గొంతుకు తోడుగా మరొక గొంతు ఉంది.

నచ్చిన వాక్యం ఆ రాత్రికే బరువెక్కింది. దత్తాత్రేయగారి బల్ల, బల్ల మీద గాజు పలక, ఆ పలకలో ప్రతిబింబించే తన ముఖం గుర్తొచ్చాయి. అవును సార్, కాదు సార్ అనడం తప్ప ఆ బల్ల ముందు అతను ఏనాడూ ఏమీ అనలేదు.

దీక్షిత్ తండ్రి కూర్మనాథంగారు వయొలిన్ విద్వాంసుడు. ఉత్సవాలకు శ్రీకూర్మంలో వాయిస్తారు, మిగతా రోజుల్లో ఇంటి వసారాలో పిల్లలకు నేర్పుతారు. ఇంత ఇవ్వండి అని ఆయన ఎవరినీ అడగలేదు. వసారాలో ఒక ఇత్తడి పళ్ళెం ఉంటుంది. పిల్లల తల్లిదండ్రులు అందులో తోచింది పెట్టి వెళతారు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆయన ఆ పళ్ళెం వైపు చూడరు. చూశాక తక్కువని అనరు, ఎక్కువని అనరు. ఆ ఇంట్లో అడగడం లేదు, తీసుకోవడమే ఉంది. తండ్రిది నిష్ఠ, కొడుకుది భయం. చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపించేవి. క్రమంగా దీక్షిత్‌కు కూడా ఒకేలా కనిపించసాగాయి.

దత్తాత్రేయగారు చిన్నతనంలో కూర్మనాథంగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. వేళ్ళు పలకక మానేశారు కాని, గురువుగారంటే ఇప్పటికీ నిలబడి మాట్లాడతారు. శనివారం ఉదయం స్నానం చేస్తూ దీక్షిత్‌కు ఆ సంగతి తోచింది. తోచగానే బండ బరువు దిగినట్టయింది. తను అడగనక్కరలేదు. నాన్నగారి చేత ఒక మాట వేయిస్తే సరిపోతుంది. ఇద్దరి పనీ అయిపోతుంది. బెన్హర్‌కు తరవాత చెప్పవచ్చు. చెబితే సంతోషిస్తాడు.

ముందుగా చెప్పకపోవడానికి కారణం కూడా అతనికి తెలుసు. చెబితే బెన్హర్ వద్దంటాడు.

కూర్మనాథంగారు వసారాలో వయొలిన్ కమానుకు గుగ్గిలపు ముక్క రుద్దుతున్నారు. దీక్షిత్ గుమ్మం పట్టుకొని నిలబడ్డాడు.

"నాన్నగారూ, దత్తాత్రేయగారికి ఒక మాట చెబుతారా?"

"ఏం మాట నాయనా?"

"ఆఫీసు విశాఖపట్నం మారుస్తున్నారు. నేను..." ఇద్దరం అనవలసిన చోట ఆ మాట పడింది. పడిన మాటను అతను సరిచేయలేదు. "నేను ఇక్కడే ఉండి పనిచేసుకుంటానని."

కమాను మీద కదులుతున్న చెయ్యి ఆగింది. "అడగమంటావా?"

"అడగడం కాదు. ఒక మాట."

ఆయన కొడుకు ముఖంలోకి చాలాసేపు చూశారు. అడగడానికీ మాట వేయడానికీ తేడా ఏమిటని అడగలేదు. కమాను పక్కన పెట్టి, చేతులకంటిన పొడి దులుపుకొని, ఫోను అందుకున్నారు. దీక్షిత్ తలుపు వెనక్కి తప్పుకున్నాడు. రాగాన్ని గంటసేపు తడబడకుండా నడిపించే మనిషి, ఫోనులో వాక్యం పూర్తిచేయలేక తడబడడం అతను అక్కడ నిలబడి విన్నాడు.

"దత్తుడూ... నేను, కూర్మనాథాన్ని... ఏం లేదు... మావాడు... ఇక్కడే ఉంటే... నీకు ఇబ్బంది లేకపోతేనే... అబ్బే, అలా అని కాదు... మావాడు నీ మాట దాటడు, ఆ పూచీ నాది..."

'బెన్హర్ కూడా అని చెప్పండి.' తలుపు తోసి ఆ నాలుగు మాటలూ అనవచ్చు. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ కూడా పెట్టలేదు. దీక్షిత్ కదలలేదు.

ఆదివారం ఉదయం దత్తాత్రేయగారు స్వయంగా వచ్చారు. పంచె కట్టుకొని, చెప్పులు వీధిలోనే విడిచి, గురువుగారి పాదాలకు నమస్కరించారు. తెచ్చిన పళ్ళూ శాలువా లోపలికి పంపారు. వాటిని దీక్షిత్ తల్లి శ్యామలాంబగారు వసారాలోని ఇత్తడి పళ్ళెంలో సర్ది, తమలపాకులూ వక్కా పెట్టి తెచ్చారు. కాఫీలయ్యాయి. పాత కచేరీల మాటలయ్యాయి.

"గురువుగారు నన్ను ఏనాడైనా ఏమైనా అడిగారా?" అన్నారు దత్తాత్రేయగారు, కళ్ళు చెమర్చినట్టుగా. "ఇన్నేళ్ళకు ఒక మాట అడిగారు. దాన్ని నేను ఫోనులో సరేననడమేమిటని వచ్చాను. దీక్షితులు ఇక్కడే ఉంటాడు. కాగితాలవీ తరవాత. ఇవాళ మాట."

ఆయన లేచి పళ్ళెం రెండు చేతులా ఎత్తి దీక్షిత్ ముందు పట్టారు. "తీసుకోవోయ్. తాంబూలంలో పెట్టి ఇస్తున్నాను. ఇటు నేను మాట తప్పను, అటు నువ్వు తప్పకు."

సరిగ్గా అప్పుడు దీక్షిత్ జేబులో ఫోను వణికింది. బయటికి తీశాడు. బెన్హర్. చర్చి అయిపోయి ఉంటుంది. మెట్ల మీద పిల్లను చంకనెత్తుకొని చేస్తుంటాడు. రేపటి మాట మరొకసారి అప్పజెప్పించుకోవడానికి చేస్తుంటాడు. పళ్ళెం ఎదుట ఉంది. తండ్రి చూస్తున్నారు, తల్లి చూస్తున్నది. ఇంటికి వచ్చిన పెద్దమనిషి చేతులు చాచి నిలబడి ఉన్నాడు. అలాంటి చేతులను ఆపి, ఒక్క నిమిషం సార్, నాతో ఇంకొకడున్నాడు అనడానికి ఆ ఇంట్లో ఎవరూ అతనికి నేర్పలేదు. నేర్పకపోయినా మనిషి అనగలడు. అతను ఫోను గొంతు నొక్కి, కిటికీ గట్టు మీద బోర్లించి, రెండు చేతులూ చాచి తాంబూలం అందుకున్నాడు.

"చిరంజీవ," అన్నారు దత్తాత్రేయగారు.

శాలువా కొత్త వాసన వేసింది. దీక్షిత్ వంగి నమస్కరించాడు. బయట కాకి అరుస్తున్నా, వీధిలో ఆటో వెళ్ళినా, గట్టు మీద ఆ ఫోను నిశ్శబ్దంగా వెలిగి ఆరడమే అతనికి కనిపిస్తున్నది.

సోమవారం రైల్లో బెన్హర్ హుషారుగా ఉన్నాడు. "నిన్న ఫోనెత్తలేదేటిరా? పప్పన్నం తిని తొంగున్నావా?" అన్నాడు. దీక్షిత్ అవునన్నట్టు తలూపాడు. పొందూరులో చెబుదామనుకున్నాడు. చీపురుపల్లిలో చెబుదామనుకున్నాడు. నెల్లిమర్ల దాటాక, ఇప్పుడు చెబితే అతను ఆఫీసులో నిలదొక్కుకోలేడని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. విజయనగరం వచ్చేసింది.

దత్తాత్రేయగారు బెన్హర్‌ను పిలిచారు. బెన్హర్ దీక్షిత్ భుజం తట్టి, "రా" అని అతన్ని కూడా వెంటబెట్టుకొని లోపలికి వెళ్ళాడు. గాజు పలక మీద రెండు ముఖాలు కనిపించాయి.

"చెప్పు బెన్హర్, నీ సంగతేమిటి?"

"ఇద్దరం కలిసే చెబుతాం సార్."

ఎంత తేలిగ్గా అన్నాడు! దీక్షిత్ గొంతులో పగలంతా రాత్రంతా నలిగిన వాక్యం, అతని నోట మంచినీళ్ళలా పారింది. అనేసి, రెండో గొంతు కోసం పక్కకు తిరిగాడు.

దీక్షిత్ గాజు పలకలోకి చూస్తున్నాడు.

దత్తాత్రేయగారు మెల్లగా నవ్వారు. "ఇంకో ఆయన సంగతి నిన్ననే అయిపోయిందోయ్, వాళ్ళింట్లో. తాంబూలం కూడా పుచ్చుకున్నాడు. నీకు చెప్పలేదా?" మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే అది మరింత గుచ్చుకుంది. "ఒకరు ఇక్కడ ఉన్నారు కాబట్టి మిల్లులవాళ్ళు పిలిస్తే వెళతారు. ఇక రెండో మనిషి నాకు విశాఖపట్నంలో కావాలి. నీ ఇబ్బంది తెలుసు. ఆలోచించుకొని చెప్పు."

బెన్హర్ చెయ్యి మెడలోని తువ్వాలు కొసను పట్టుకొని, కాసేపు అలాగే ఉండిపోయింది.

సాయంత్రం రైలు వచ్చింది. అలవాటుపడిన చెయ్యి కిటికీలోంచి తువ్వాలు విసిరింది. దీక్షిత్ ఆఖరున ఎక్కాడు. పక్క సీటు మీద తువ్వాలు పరిచే ఉంది. బెన్హర్ దానివైపు చూశాడు, అతని వైపు చూశాడు. తువ్వాలు తీశాడు.

"కూచోండి," అన్నాడు.

దీక్షిత్ నిలబడే ఉన్నాడు. "బెన్హర్, నేను ఇద్దరి గురించే చెప్పిద్దామనుకున్నాను. నాన్నగారి చేత..."

"కూచోండి. జనాలు సూస్తన్నారు."

కూర్చున్నాడు. నెల్లిమర్ల దాటింది, గరివిడి దాటింది. ఎదురుగా ఎవరో పల్లీలు ఒలుచుకు తింటున్నారు.

"నాకు కోపం అందుకు కాదు," అన్నాడు బెన్హర్ చివరికి, కిటికీ బయటికి చూస్తూ. "మీ నాన్నగారు పెద్దాయన. ఆయన మాట మీద పని జరిగితే మంచిదే. రేపు నాకోసం మా పాస్టరుగారు వొస్తానంటే నానూ తెచ్చుకుందును. గానీ మీరు నాకు సూపించకుండా ఎక్కించీసినారు." ఆగాడు. "పొద్దున్న పొందూరులోనైనా సెప్పుంటే లోపలికి ఎల్లీ ముందు నోరు కట్టుకుందును. ఆ మాట అనీసి, మీకేసి తిరిగి, అలగ నిలబడి ఉందునా?"

దీక్షిత్‌కు క్షమించమనాలని ఉంది. ఆ మాట కూడా అడగడమే. ఆమదాలవలసలో దిగాక బెన్హర్ తన మోటారు సైకిలు వైపు వెళ్ళిపోయాడు. శ్రీకాకుళం దాకా ఒంటరిగా వెళ్ళాలి. ఇంట్లో గ్లోరీకి చెప్పాలి.

దీపాలు పెట్టే వేళకు దీక్షిత్ వసారాలో తండ్రి ముందు కూర్చున్నాడు. పాఠం చెప్పించుకున్న పిల్లలు వెళ్ళిపోయారు. ఉన్నదంతా చెప్పాడు, తలుపు వెనక నిలబడ్డ సంగతీ, ఫోను బోర్లించిన సంగతీ దాచలేదు. వింటున్నకొద్దీ కూర్మనాథంగారి ముఖం చిన్నబోయింది. తప్పు చేసిన పిల్లవాడు ఆయనే అయినట్టు తల దించుకున్నారు.

లోపలి నుంచి శ్యామలాంబగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఆ అబ్బాయి మనింట్లో అన్నం తిన్నాడు కదరా," అన్నారు. "గుమ్మడికాయ పులుసు బాగుందమ్మా అని, మళ్ళీ వేయించుకొని మరీ తిన్నాడు."

"అడగడం తెలియనివాణ్ణి నాయనా నేను," అన్నారు కూర్మనాథంగారు. "నీకోసం తెలియని పని చేశాను. ఆ ఒక్కసారైనా సరిగ్గా అడిగించకపోయావు. ఇద్దరని చెబితే ఇద్దరినీ అడిగేవాణ్ణి కదా? సిగ్గు ఎలాగూ పోయేదే. ఒకరికి పోయినా ఇద్దరికి పోయినా అంతే పోయేది."

దీక్షిత్ మోకాళ్ళలో ముఖం దాచుకున్నాడు.

"రేపు నేను రానా?" అన్నారు ఆయన. "ఆ శాలువా తిరిగి ఇచ్చేస్తాను."

"వద్దు నాన్నగారూ. తీసుకున్నది నేను."

మంగళవారం రైలు వచ్చేసరికి బెన్హర్ ప్లాట్‌ఫారం మరో కొసన ఉన్నాడు. తువ్వాలు అతని మెడలోనే ఉంది. దీక్షిత్ తలుపు దగ్గర, జనం మధ్య, శాలువా ఉన్న సంచిని పొట్టకు హత్తుకొని విజయనగరం దాకా నిలబడ్డాడు.

ఆఫీసులో ఎవరూ పిలవకుండానే దీక్షిత్ గాజు బల్ల ముందుకు వెళ్ళాడు. శాలువాను దాని మీద పెట్టాడు. పలకలోని ముఖం శాలువా కింద పడి కనిపించకపోవడం కొంత మేలు చేసింది.

"నేను దీన్ని పుచ్చుకొని ఉండకూడదు సార్. ఇద్దరం కలిసే చెప్పుకోవాలనుకున్నాం. ఉంటే ఇద్దరం ఇక్కడ ఉంటాం. లేకపోతే..."

లేకపోతే ఏమిటో అతను ముందుగా ఆలోచించుకోలేదు. దత్తాత్రేయగారు శాలువాను చూశారు, అతన్ని చూశారు. కోపగించుకోలేదు.

"కూచోవోయ్. బెన్హర్ పొద్దున్నే ఫోన్ చేసి విశాఖపట్నం వస్తానని ఒప్పేసుకున్నాడు. నువ్వు ఒక్కడివే వచ్చి ఇద్దరం అంటే ఇప్పుడెలా కుదురుతుంది?" ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఒక నిజం చెబుతాను. ఇంక చెప్పినా నష్టం లేదు కాబట్టి. మీరిద్దరూ గట్టిగా ఒక మాట మీద కూచుంటే నాకు దారి లేదనే అనుకున్నాను. ఇద్దరినీ ఇక్కడే ఉంచి, అక్కడికి కొత్తవాణ్ణి వెతుక్కుందామని కూడా అనుకున్నాను. అంతలో గురువుగారు ఫోన్ చేశారు. ఒక్కడి కోసమే చేశారు."

ఎవరూ దీక్షిత్‌ను మోసం చేయలేదు. గెలిచిన బేరాన్ని తనే తలుపు వెనక నిలబడి ఓడగొట్టాడు.

"అయితే నేను వెళతాను సార్. విశాఖపట్నం. అతన్ని ఇక్కడ ఉండనివ్వండి."

"అతన్ని అడిగావా?"

"లేదు సార్."

"మళ్ళీ అడక్కుండానే." దత్తాత్రేయగారు నిట్టూర్చారు. "ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ. ఎవరు ఎక్కడన్నది నాకు ఒకటే. వెళ్ళి ముందు అతన్ని అడుగు."

ఎవరైనా ఒకటే. తాంబూలంలో పెట్టి తనకు దక్కిన గౌరవం ధర ఆ ఒక్క మాటలో తెలిసింది.

బెన్హర్ బల్ల నాలుగడుగుల దూరంలో ఉంది. దీక్షిత్ జీవితంలో అంత దూరం ఎప్పుడూ నడవలేదు. తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే బెన్హర్ అంతా విన్నాడు. వింటున్నంతసేపూ వేళ్ళు మీటల మీద కదలకుండా ఉన్నాయి.

"మీ ఇష్టమైతేనే," అన్నాడు దీక్షిత్. అని, నాలుక కరుచుకున్నాడు. అది తమ ఇంటి పళ్ళెం భాష. మళ్ళీ మొదలుపెట్టాడు. "నువ్వు ఇక్కడ ఉండు. నేను వెళతాను. ఉండమని అడుగుతున్నాను."

బెన్హర్ తల తిప్పాడు. కళ్ళ కింద నిద్ర లేని నలుపు ఉంది.

"ఉంటాను," అన్నాడు. "ఒద్దని బెట్టు సేద్దామనే ఉన్నాది. కానీ రాత్రంతా గ్లోరీ ఉద్యోగం మానేస్తానని ఏడిసింది. అందుకని ఉంటాను. మీరు ఇచ్చినారని కాదు."

"సరే."

"మీ మీద కోపం పోయిందనీ కాదు."

"సరే."

"అది ఎప్పుడు పోతాదో నాకూ తెల్దు," అని బెన్హర్ తెర వైపు తిరిగాడు. "రాత్రి పంపినారు కదా, కాటా మార్పు. సూస్తాను. ఎల్లండి."

నెల తిరిగాక ఒక సోమవారం ఉదయం దీక్షిత్ ఆమదాలవలసలో అదే పాసింజరు ఎక్కాడు. ఈసారి విజయనగరంలో దిగడు, చివరిదాకా వెళతాడు. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ చూశాడు. ఎవరో వస్తారని కాదు. చూపు దానంతటదే వెతికింది. కిటికీలోంచి ఏ తువ్వాలూ లోపలికి పడలేదు. అతను ఆఖరునే ఎక్కాడు.

దూసి దగ్గర ఫోను మోగింది. రాత్రి పంపిన పనికి బెన్హర్ జవాబు. "చూశాను. రెండో చోట తప్పుంది. ఖాళీ లారీ బరువు ముందే తీసేస్తున్నారు. సరిచేసి మళ్ళీ పంపండి." అంతే. వెనక ఒక్క ఎగతాళి మాట లేదు. సింహాసనం లేదు, దీక్షితులూ లేదు. కాని చూశాడు. చూసి, తప్పు చెప్పాడు. దీక్షిత్ ఆ రెండు ముక్కలనూ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. ముఖం వేడెక్కింది, ఫోనును జేబులో పెట్టాక కూడా ఆ వేడి తగ్గలేదు.

సరిచేయాలంటే ఒళ్ళో కంప్యూటరు పెట్టుకోవాలి. అందుకు కూర్చోవాలి. పొందూరులో ఎక్కిన జనంతో పెట్టె కిక్కిరిసింది. పక్కనే బెంచీ మీద నూలు మూటలు పెట్టుకొని ఒక ఆడమనిషి కూర్చుంది. మూటలు కాస్త జరిగితే మనిషి పడతాడు. దీక్షిత్ గొంతు సవరించుకున్నాడు.

"కొంచెం... జరుగుతారా అమ్మా?"

ఆమె తలెత్తింది. రైలు చప్పుడులో చెవి దగ్గర చెయ్యి పెట్టుకొంది.

"ఏటి బాబూ? గట్టిగా సెప్పు."

అందరూ అతనివైపు చూశారు. దీక్షిత్ చెవులు ఎర్రబడ్డాయి. పట్టుకొన్న కమ్మీని వదిలి, ఈసారి పెట్టె అంతటికీ వినపడేలా అడిగాడు.